తాతబండి మొక్కిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకు ఒక్కచోట కుదురుగా ఉండటం అనే విద్య అబ్బలేదు. నిలబడితే నడవాలనిపించేది, నడుస్తుంటే పరుగెత్తాలనిపించేది, పరుగెత్తితే దారిన పోయే ఏ బండో ఎక్కి ఎటో పోవాలనిపించేది. ఎటు అని అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. మా నాయన నన్ను కాలుగాలిన పిల్లి అనేవాడు. అమ్మ మాత్రం నా అరికాళ్ళలో చక్రాలున్నాయని చుట్టాలకు గొప్పగా చెప్పుకునేది (తల్లి కదా, తిట్టును కూడా జాతకంగా మార్చగలదు). వేలూరులో పాలిటెక్నిక్ అయిందనిపించి, ఒక చెప్పుల కంపెనీలో సూపర్వైజరుగా చేరి, అక్కడ నాకిచ్చిన కుర్చీ మీద కూర్చోలేక, చుట్టూ తిరుగుతుంటే పని చెడుతోందని వాళ్ళంటే, నెల తిరక్కుండానే తమిళనాడు అంచున, పరదరామి దగ్గర మా ఊరికి తిరిగొచ్చేశాను. వచ్చినవాణ్ణి ఇంట్లోనైనా ఉన్నానా అంటే అదీ లేదు. పొద్దున చేనిలో, మధ్యాహ్నం రోడ్డు మీద, సాయంత్రం చిత్తూరు బస్సు వచ్చే వేళకి దాని ఎదురుగా. ఎవరూ దిగేవాళ్ళు లేకపోయినా బస్సు పోయిందాకా చూసి వచ్చేవాణ్ణి.

నాయన ఊరుకుంటాడా? గుడియాత్తంలో ఆయన స్నేహితుడికి నూలు అంగడి ఉంది. లుంగీలు నేసేవాళ్ళు వస్తే నూలు తూచి ఇవ్వాలి, రానప్పుడు పరుపు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని వచ్చేవాళ్ళ కోసం చూడాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా అంతే పని. నేను ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. ఆ అంగడి యజమాని పదేళ్ళుగా అదే పరుపు మీద కూర్చుని ఉన్నట్టున్నాడు, ఆయన కింద పరుపులో ఆయన ఆకారం పడి ఉంది. ఆయన నన్ను చూసి ఆప్యాయంగా నవ్వి, పక్కన చోటు చూపించి, "రా తంబీ, ఉక్కారు" అని కూర్చోమన్నాడు. ఆ పక్కన పరుపు ఇంకా నున్నగానే ఉంది. అందులో నా ఆకారం పడటం నాకు కళ్ళకు కట్టింది.

ఇక మా తాతబండి సంగతి చెప్పాలి. తాత కొన్న ట్రాక్టరు కాబట్టి దానికా పేరు. ఒకప్పుడు నీలం రంగట. నాకు తెలిసేనాటికి ఎండకు వెలిసి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. స్టీరింగు తిప్పాలంటే తిరగలి తిప్పినట్టే, రెండు భుజాలూ పెట్టాలి. పొద్దున పూట అది దగ్గి, ఉమ్మి, పొగ వదిలి, మనసు కుదుర్చుకుని స్టార్టయ్యేలోపు మా అమ్మ సంకటి కెలికి దించేసేది. దానికి ముందువైపు లోడరు బిగించాలన్న ఆలోచన మా మేస్త్రీ మామది. మామ అంటే నాయన అక్క మొగుడు, వేలూరులో ఇళ్ళు కట్టే పని. ఏదో పాత రైసుమిల్లు పడగొట్టే చోట ఆయనకు రెండు పొడుగాటి ఇనుప చేతులు, వాటి చివర పెద్ద బకెట్టు, ఎత్తి దించడానికి ఆయిలు గొట్టాలు ఉన్న సరంజామా ఒకటి దొరికింది. దాన్ని లారీ మీద పంపించాడు. గుడియాత్తంలో ఒక వెల్డింగు భాయి దాన్ని మా తాతబండికి అతికించాడు. లివరు లాగితే చేతులు పైకి లేస్తాయి, వదిలితే దిగుతాయి, ఇంకో లివరు నొక్కితే బకెట్టు వంగి లోపలున్నది గుమ్మరిస్తుంది. ఆ బకెట్టుకు మా అత్త 'చేట' అని పేరు పెట్టింది. భాయి బండి అప్పగిస్తూ నాతో ఒకే మాట చెప్పాడు. "తంబీ, ముందర బరువు ఎత్తేటప్పుడు ఎనక బరువు ఉండాల. లేదంటే ఇది తోక ఎత్తేస్తాది." నేను సరే సరే అని తల ఊపి, ఆ మాట పూర్తయ్యేలోపే గేరు వేశాను.

అది ఆడి నెల, అరవ లెక్కలో ఆషాఢం. ఆడిపట్టం అనే ఆ అదనులోనే చెనిక్కాయ విత్తాలి, విత్తేలోపు ఎరువు చేనికి చేరాలి. మా ఇంటి వెనక ఏడాదంతా పోగైన దిబ్బ మా అవ్వ ఎత్తును ఎప్పుడో దాటిపోయింది. చేను రోడ్డుకు అటువైపు. నాయన ఆ దిబ్బనూ, బండినీ, నన్నూ వరసగా చూసి ఒక తీర్పు చెప్పాడు.

"ఆదివారం పొద్దుగూకేలోగా ఈ దిబ్బంతా చేనికి చేరిందనుకో, నువ్వు యాడ తిరుగుతావో తిరుగు, నేను అడగను. చేరకపోతే సోమవారం పొద్దున్నే నూలంగట్లో కూసోవాల. ఒప్పుకుంటావా?"

"ఆదివారం దాకా ఎందుకు నాయనా, శనివారానికే చూడు," అన్నాను. ఆ వయసులో నోరు ముందు నడిచేది, నేను వెనక నడిచేవాణ్ణి.

మొదటి బకెట్టు నింపి లివరు లాగానో లేదో, భాయి చెప్పినంతా అక్షరాలా జరిగింది. చేట లేవలేదు, తాతబండి వెనక చక్రాలు లేచాయి. అవి గాల్లో గిరగిరా తిరుగుతుంటే మా కోళ్ళు కొట్టం పైకి ఎగిరాయి. ఆడికని వేలూరు నుంచి అత్తతో పాటు వచ్చి ఉన్న మేస్త్రీ మామ పరుగున వచ్చి, నన్ను దింపి, చుట్టూ తిరిగి చూసి, ఒక ఇనుప డ్రమ్ము తెప్పించి, దాని నిండా కాంక్రీటు పోశాడు. దాన్ని వెనక తగిలిస్తే చాలు, బండి తోక ఎత్తదన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి తగిలిద్దామా అని అడిగాను. మామ నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"అల్లుడా, సిమెంటు పసిబిడ్డ మాదిరి. పుట్టినంక వారం అన్నా తడి గుడ్డలో పెట్టి కాచుకోవాల. ఇప్పుడే ఎత్తి ఊపితే పగిలిపోతాది. నేను పోసింది పగిలిందంటే వేలూరులో నాకు ఇంగ పని ఎవుడిస్తాడు?"

వారమా! నాకున్నది ఆదివారం దాకా. డ్రమ్ము చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, పూటపూటకీ చెంబుతో నీళ్ళు పోస్తూ మామ దాని పక్కనే కాపలా కూర్చున్నాడు. నేను గంటకోసారి వెళ్ళి వేలితో నొక్కి చూసేవాణ్ణి, ఆయన గంటకోసారి నా చేతి మీద ఒకటి వేసేవాడు. గురువారం అలాగే పోయింది. నాకు అన్నం సహించలేదు, పడుకుంటే ఆ నూలు అంగడి పరుపు కళ్ళలో మెదిలింది. శుక్రవారం పొద్దున నేను దిబ్బ చుట్టూ, డ్రమ్ము చుట్టూ, బండి చుట్టూ తిరుగుతుంటే మా అత్త వసారాలో కూర్చుని వక్క కత్తిరిస్తూ నన్నే చూస్తోంది. మా అత్త పెద్ద మనిషి. మనసు సంగతి తర్వాత, ముందు శరీరం సంగతి చెబుతున్నాను. ఆమె ఎక్కితే ఆటో డ్రైవరు ఒకసారి దిగి టైర్లు చూసి వచ్చేవాడు.

"ఏందిరా నాయనా, గానుగెద్దు మాదిరి తిరగతా ఉండావు? కావాల్సింది బరువే కదా? సిమెంటు ఎందుకు, నేను లేనా?" అంది.

నేను ఆగిపోయాను. మామ చెంబు కింద పెట్టాడు.

"ఊర్లో ప్రతి బండివాడూ నన్ను ఎక్కొద్దనేవాడే," అంది అత్త, పైకి లేస్తూ. "ఎక్కమనే బండి ఇన్నాళ్ళకి ఒకటి దొరికినాది. కూసునేదానికి పలక కట్టు."

ట్రాక్టరు వెనక నాగలి తగిలించే రెండు ఇనుప చేతుల మీద అడ్డంగా ఒక మందపాటి పలక వేసి, గొలుసులతో బిగించి, మీద పాత జంపఖానా పరిచాం. అత్త ఎక్కి కూర్చుంది. ఒక్కవైపే బరువైతే బండి వంకర పోతుందని మామను కూడా పక్కన కూర్చోబెట్టింది (నిజానికి ఊరు చూస్తుండగా ఒంటరిగా ట్రాక్టరు తోక మీద ఊరేగడానికి ఆమెకు సిగ్గు). నేను భయపడుతూ లివరు లాగాను. తాతబండి ఒక్కసారి మూలిగింది. వెనక చక్రాలు నేలను అంటిపెట్టుకునే ఉన్నాయి. చేట నిండా ఎరువుతో ఇనుప చేతులు మెల్లగా, మెల్లగా పైకి లేచాయి. నా జీవితంలో అంతకు ముందు కలిగిన సంతోషాలన్నీ ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

ఇక ఆ పూట నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. దిబ్బ దగ్గర చేట నింపడం, రోడ్డు దాటడం, చేనిలో గుమ్మరించడం, తిరిగి రావడం. బరువు మోసేటప్పుడు చేటను మోకాలి ఎత్తున ఉంచాలి. నాకది నచ్చలేదు. ఊరంతా చూడాలి కదా! చేటను ఇంటి చూరంత ఎత్తుకు లేపి రోడ్డు మీదికి వచ్చేవాణ్ణి. వెనక నుంచి అత్త "ఆపు, ఒక్క నిమిషం ఆపు, తాంబూలం కింద పడినాది" అని అరిచినా ఆగేవాణ్ణి కాదు. మామ పొద్దున్నుంచి రెండు చేతులతో గొలుసు పట్టుకుని కళ్ళు మూసుకునే ఉన్నాడు. దిబ్బ సగానికి తగ్గింది. నాయన అరుగు మీద కూర్చుని ఒక్క మాటా అనకుండా చూస్తున్నాడు. ఆ మౌనం నాకు సన్నాయి మేళంలా వినిపించింది.

మధ్యాహ్నం దాటాక, నిండు చేట నెత్తిన పెట్టుకుని నేను రోడ్డు మీదికి వచ్చేసరికి, మలుపులో పంబ డోళ్ళ మోత వినపడింది. ఆడి శుక్రవారం కదా, పక్క ఊరి గంగమ్మ కరగం, అంటే అమ్మ కొలువున్న కలశం, ఎత్తుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ముందు పంబలవాళ్ళు, వెనక వేపమండల మధ్య కరగం నెత్తిన పెట్టుకున్న పూజారి, ఆయన వెనక పసుపు చీరల్లో ఆడవాళ్ళు. ఇంటి ముందు కాచుకుని ఉన్నవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి పూజారి కాళ్ళ మీద పోస్తున్నారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. అమ్మ ఎదురొస్తే సైకిలు మీద వాడైనా, బస్సులో వాడైనా, చెప్పులు వదిలి కిందికి దిగి దండం పెట్టాల్సిందే. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే కాళ్ళకు తెలిసిపోతుంది.

నేను బ్రేకు తొక్కాను. బండి ఆగీ ఆగకముందే వెనక నుంచి మా అత్త "తల్లీ గంగమ్మా!" అని చెంపలు వేసుకుంటూ దిగిపోయింది. కళ్ళు తెరిచిన మామ కూడా భక్తిగా చెప్పులు వదిలి, ఆమె వెనకే దిగిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నాకు చాలా నెమ్మదిగా జరిగినట్టు గుర్తు. నా కింద సీటు పైకి లేవడం మొదలుపెట్టింది. ఆకాశం వెనక్కి పోయి రోడ్డు ఎదురొచ్చింది. చేట దబ్బున తారు రోడ్డు మీద ఆనింది, అందులోంచి కొంత ఎరువు జారి కుప్పగా పడింది, ఇంజను ఆగిపోయింది. తాతబండి ముక్కు నేలకు ఆనించి, తోక ఆకాశంలో పెట్టి, సరిగ్గా గంగమ్మ ఎదురుగా సాష్టాంగపడింది. నేను స్టీరింగు వాటేసుకుని దాని వీపు మీద వేలాడుతున్నాను. పంబలు ఆగిపోయాయి. ఆ రోడ్డు మీద ఉన్నవాళ్ళందరూ దిగి చేతులు జోడించి నిలబడి ఉంటే, అమ్మకంటే ఎత్తులో ఉన్నది నేనొక్కణ్ణే.

ముందుగా ఎవరో ముసలావిడ అంది. "బండి మొక్కినాది! సూడండి, బండి మొక్కినాది!"

జనం ఒక్కసారిగా చెంపలు వేసుకున్నారు. నా గుండె మాత్రం చెంపల దగ్గర లేదు, దిబ్బ దగ్గర ఉంది. సగం దిబ్బ ఇంకా మిగిలింది, బండి ఇలా పడింది, నాయన అరుగు మీద నుంచి లేచి గబగబా ఇటే వస్తున్నాడు. సోమవారం నాకు రోడ్డు మీద స్పష్టంగా కనపడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

అప్పుడే మా అత్త జుట్టు విరబోసుకుంది. ప్రతి ఆడికీ ఆమె మీదికి అమ్మ రావడం మా ఇంట్లో అందరికీ తెలిసిందే గానీ, ఇంత పెద్ద జనంలో, ఇంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. పంబలవాళ్ళు ప్రాణం లేచొచ్చి దంచడం మొదలుపెట్టారు. అత్త ఊగుతూ, తూగుతూ, నావైపు వేలు చూపించింది.

"నేనొస్తా ఉంటే నాకంటే పైన కూసోనుండేది ఎవుడ్రా!"

"దిగలేక ఉండాను తల్లీ!" అని అరిచాను. అది అబద్ధం కాదు.

ఆమె ఊగుతూనే బండి వెనక్కి వెళ్ళింది. గాల్లో ఉన్న పలకను రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. తాతబండి కిర్రుమంటూ వెనక్కి దిగింది, ముందరి చేట నేల విడిచి లేచింది, వెనక చక్రాలు ధడేలుమని రోడ్డు మీద వాలాయి. గంగమ్మ మా జంపఖానా మీద ఆసీనురాలైంది. "అమ్మ బండి ఎక్కినాది!" అని ఊరు ఊరంతా కేకలు వేసింది. ఎవరో నా ముఖాన బిందెడు పసుపు నీళ్ళు కుమ్మరించారు.

నాయన రొప్పుతూ వచ్చి చేతులు జోడించాడు. "తప్పు జరిగిపోయినాది తల్లీ. ఏం చేయమంటావో చెప్పు."

"ఈ బండి నా ముందర తల వంచినాది. ఇంగ ఇది దిబ్బ ఎత్తకూడదు."

నా పని అయిపోయిందనుకున్నాను. నాయన ముఖం వెలిగింది. "అట్లే తల్లీ, ఎత్తదు. ఈణ్ణి కూడా సోమవారం నించి నూలంగట్లో కూసో..."

"రేయ్!" అంది అమ్మ. మా నాయనను ఊరి మధ్యలో అలా పిలవగలవాళ్ళు ఇద్దరే, ఒకరు దేవత, ఇంకొకరు ఆయన అక్క. "వాడు కూసునే బిడ్డ కాదు. తిరగాల్సిన కాళ్ళని ముడిచిపెడతావా? కూసోబెట్టినావా, నీ అంగడి తోక కూడా ఇట్లే లేస్తాది!"

"అంగడి నాది కాదు తల్లీ, స్నేహితుడిది," అని నాయన గొణిగాడు.

"యారుదా ఇరుందా ఎన్నడా!" అని అమ్మ గర్జించింది (ఎవరిదైతే నాకేంటని. కోపమొస్తే ఆ తల్లికి తమిళం వస్తుంది, మా అందరి లాగే). నాయన మళ్ళీ చేతులు జోడించాడు. పూజారి కర్పూరం వెలిగించాడు. అత్త ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, మామ భుజం మీద వాలి, దాహం అని అడిగింది.

మిగిలిన సగం దిబ్బను శని, ఆదివారాల్లో నేనే గంపలతో మోశాను. ముందు ఎరువు ఎత్తే యంత్రానికి అధిపతిగా ఉన్నవాణ్ణి, నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని రోడ్డు దాటుతుంటే, ఆ దారిన పోయేవాళ్ళు ఆగి, బొట్టూ పూలదండా పెట్టుకుని వేపాకుల నీడలో హాయిగా నిలబడ్డ తాతబండికి దండం పెట్టి పోయేవాళ్ళు. నన్ను చూసి ఎవరూ పెట్టలేదు. మామ పోసిన కాంక్రీటు మాత్రం వారం తిరిగేసరికి ఒక్క పగులు లేకుండా గట్టిపడింది. ఎందుకూ పనికిరాని ఆ డ్రమ్ము మీద మా నాయన చాలా ఏళ్ళు పొద్దున్నే కూర్చుని పళ్ళు తోముకునేవాడు. సోమవారం ఆయన నన్ను గుడియాత్తం పొమ్మనలేదు. పొమ్మననూ లేదు, ఉండమననూ లేదు, మామ వేలూరు బస్సు ఎక్కుతుంటే నా సంచి తెచ్చి ఆయన చేతికిచ్చాడు. కట్టడాల దగ్గర మట్టి ఎత్తే యంత్రాలు తోలుతూ నేను వేలూరు, నెమిలి, చిత్తూరు, బెంగుళూరు, ఇంకా పేరు పలకరాని ఊళ్ళు ఎన్నో తిరిగాను. ఇప్పుడు సొంతంగా రెండు యంత్రాలున్నాయి, మోకాళ్ళ నొప్పులూ ఉన్నాయి. (ఇది తెలుగులో రాయగలుగుతున్నది చిత్తూరు పిల్లను చేసుకున్న పుణ్యం. మా ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదవడం ఆమెకే వచ్చు, నాకు ఆమే నేర్పింది.)

మొన్న ఆడి నెలలో వేలూరులో మా అత్తను చూడబోయాను. మామ కాలం చేశాడు. ఆమె చిక్కిపోయింది, మేడ మీద గదిలోంచి కిందికి దిగడం లేదు. కానీ నోరు అలాగే ఉంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఇన్నేళ్ళూ అడగడానికి భయపడ్డ మాట అడిగేశాను. "అత్తా, ఆ శుక్రవారం నిజంగా అమ్మే వచ్చిందా?"

"వచ్చినప్పుడు మనకేం తెలస్తాది నాయనా? నోరు మనది, మాట ఆ తల్లిది." వక్క ముక్క బుగ్గన పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, మెల్లగా అంది. "అయితే ఒకటి. పైన యాలాడతా ఉండిన నీ మొగం మాత్రం నాకు బాగా గుర్తుండాది. అంగడికి పోవాల్సొస్తాదని ఏడుస్తా ఉన్నావు. ఆ మొగం చూసినంక, అమ్మ రాకపోయినా నేనే వచ్చుందును."

నేను పెద్దగా నవ్వాను. నవ్వు మధ్యలో కాఫీ తాగినట్టు నటించాను, గ్లాసు ఎప్పుడో ఖాళీ అయినా. ఆమె చూడనట్టు కిటికీ వైపే తిరిగి ఉంది. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ కుర్రవాణ్ణే తలుచుకున్నాను. స్టీరింగు వాటేసుకుని, చేతులు ఖాళీ లేకుండా, ఊరందరి కంటే ఎత్తులో వేలాడుతూ కూడా, తను ఏడుస్తున్నట్టు ఎవరికీ కనపడటం లేదనే అనుకున్నాడు, పిచ్చి సన్నాసి.